గునపం ఎవరిది, దెబ్బ ఎవరికి



దర్శి నుంచి పడమటి దారి పట్టి దొనకొండ మండలంలోకి వెళితే గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే ఊరు వస్తుంది. దారి పొడుగునా మిరప కల్లాలు, కంది చేలు, ఎర్ర చెలకలు. ఊరి దగ్గర ఒక గుట్ట ఉంది. దాన్ని సింగరకొండ అంటారు. అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి ఉన్న సింగరకొండ వేరు, ఇది వేరు. ఈ గుట్ట మీద రెండు అంచెలుగా కట్టిన మహాస్తూపం ఉంది. దాని చుట్టూ చిన్నా పెద్దా స్తూపాలు మరెన్నో ఉన్నాయి. సాతవాహనుల కాలంలో, సుమారు రెండు వేల ఏళ్ల కిందట, మన నేల మీద మన తాతల తాతలు కట్టిన కట్టడం ఇది. 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు దీన్ని గుర్తించారు. 1972 నుంచి 1977 వరకు తవ్వకాలు జరిగాయి. సున్నపురాతి పలకల మీద చెక్కిన బొమ్మలు బయటపడ్డాయి.

స్తూపమంటే మొదట ఒక సమాధి. బుద్ధుడి ధాతువులనో, పూజ్యులైన భిక్షువుల ధాతువులనో మధ్యలో ఉంచి, దాని మీద ఇటుకలు పేర్చి కట్టేవారు. అందుకే చందవరంలో జరిగిన దొంగతనాన్ని సమాధి దొంగతనమనే అంటాను. 2000, 2001 ప్రాంతంలో అక్కడి శిల్పాలు చోరీకి గురయ్యాయి. వాటిలో ఒకటి, బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తుల శిల్పం, సముద్రాలు దాటింది. 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ కళామందిరం దాన్ని న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ దగ్గర 5,95,000 అమెరికా డాలర్లకు కొన్నది. అది దొంగసొత్తని తేలాక, 2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా దాన్ని భారత ప్రభుత్వానికి అప్పగించింది.

ఒక్కసారి ఆలోచించండి. గుండ్లకమ్మ ఒడ్డున ఒక రాత్రి ఎవరో రాయిని పెకలించారు. ఆ చెయ్యికి ఎంత ముట్టి ఉంటుంది? ఆ రాయి చివరికి పలికిన ధరలో అది ఎన్నో వంతు? పట్టుబడితే దెబ్బలు తినేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలూ మన ఊళ్ల నుంచి మూడు వేల ఏళ్ల కిందటి ఈజిప్టుకు నేరుగా దారి తీస్తాయి. అక్కడి జవాబులు పాపిరస్ రాతల్లో ఇప్పటికీ చదువుకోవచ్చు. అవి విన్న తర్వాత మళ్లీ మన ఊరికి వద్దాం.

ఈజిప్టులో నైలు నదికి తూర్పు గట్టున తీబ్స్ మహానగరం, పడమటి గట్టున రాజుల సమాధులు. తొమ్మిదవ రామెసెస్ ఏలుబడిలో పదహారో ఏట, అంటే సుమారు క్రీస్తుపూర్వం 1110లో, తూర్పు తీబ్స్ నగరాధికారి పాసర్ ఒక ఫిర్యాదు చేశాడు. అవతలి గట్టున రాజుల సమాధులు దోచేస్తున్నారన్నాడు. అవతలి గట్టుకు అధికారి పవెరా. అంటే ఆ ఫిర్యాదు అతని మీదికే వచ్చింది. విచారణ సంఘం వెళ్లి పది రాజసమాధులు పరీక్షించింది. తొమ్మిది భద్రం, ఒకటి దోచారు అని తేల్చింది. మామూలు జనం సమాధుల సంగతి అడగనక్కర్లేదు, దాదాపు అన్నీ తెరిచి పడేశారు.

దోచిన ఆ ఒక్కటి రెండవ సోబెకెంసాఫ్ అనే రాజుది. ఆ రాజుకూ, ఆయన రాణి నుబ్‌ఖాస్‌కూ చెందిన సమాధిలోకి సొరంగం తవ్వి దూరిన ఎనిమిది మంది ముఠాలో ఆమెన్‌పనూఫర్ అనే రాళ్లు కొట్టే పనివాడు ఉన్నాడు. అతని వాంగ్మూలం మనకు దక్కింది. శవాల మీది బంగారం ఊడదీశామనీ, శవపేటికలకు నిప్పుపెట్టామనీ ఒప్పుకున్నాడు. దొరికిన బంగారం 160 దెబెన్లు. ఒక దెబెన్ అంటే మన లెక్కలో సుమారు 91 గ్రాములు. అంటే పద్నాలుగున్నర కిలోల బంగారం. ఎనిమిది మందీ సమానంగా, తలా 20 దెబెన్లు పంచుకున్నారు.

ఇక్కడి నుంచే అసలు సంగతి. ఆమెన్‌పనూఫర్ ఒకసారి పట్టుబడ్డాడు. తన వాటా 20 దెబెన్లూ తీబ్స్ రేవు గుమస్తా చేతిలో పెట్టాడు. గుమస్తా వదిలేశాడు. ఇతను తిరిగి ముఠా దగ్గరికి వెళ్లాడు. వాళ్లు మళ్లీ ఒక వాటా వేసి అతని నష్టం పూడ్చారు. మళ్లీ అందరూ తవ్వకాలకే వెళ్లారు. మూడు వేల ఏళ్ల తర్వాత ఈ మాటలు వింటుంటే నాకు కొత్తగా అనిపించవు. మీకు అనిపిస్తున్నాయా?

ఇక శిక్షల సంగతి. ఆ కాలపు ఈజిప్టులో విచారణ అంటే అరికాళ్ల మీదా, అరచేతుల మీదా కర్రతో కొట్టడమే. సాక్షి కూడా కొట్టించుకుని చెప్పాల్సిందే. అబద్ధమాడితే ముక్కూ చెవులూ కోయించుకుంటానని, కొర్రు వేయించుకుంటానని ప్రమాణం చెయ్యాలి. రాజసమాధి దొంగకు కొర్రే శిక్ష. కొర్రు అంటే ఏమిటో మన పల్లెటూరి పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. మన కథల్లోనూ, మన రాజుల కాలపు మాటల్లోనూ అది ఉంది.

అంత కఠినమైన విచారణ నిజాన్ని రాబట్టిందా? అదే కేసులో పయ్‌ఖారు అనే రాగిపనివాణ్ణి పట్టుకున్నారు. దెబ్బలు పడ్డప్పుడు రాణి సమాధి దోచానని ఒప్పుకున్నాడు. అధికారులు అతని కళ్లకు గంతలు కట్టి, సమాధుల లోయకు తీసుకుపోయి, గంతలు విప్పి, ఏది దోచావో చూపించు అన్నారు. అతను ఎవరినీ ఎప్పుడూ పూడ్చని ఒక సమాధినీ, ఒక కూలివాడి గుడిసెనూ మాత్రమే చూపించగలిగాడు. మళ్లీ కొట్టారు. అయినా మరో చోటు చూపలేకపోయాడు. చివరికి న్యాయస్థానమే ఆ నేరం ఆ రాగిపనివాడికి అంటదని తేల్చింది. చెయ్యని దొంగతనాన్ని కర్ర ఒప్పించగలదు. చేసిన దొంగతనం వెనక ఉన్న పెద్దమనిషిని మాత్రం అది బయటికి లాగలేకపోయింది. ఆ తర్వాత పాసర్ పేరు రాతల్లో కనిపించదు. ఫిర్యాదు ఎవరి హద్దులో పడిందో ఆ పవెరా మాత్రం చాలా ఏళ్లు అదే పదవిలో ఉన్నాడు.

సమాధుల పనివాళ్లు కొందరు ఎందుకు దొంగలయ్యారో కూడా చూడాలి. రాజుల సమాధులు చెక్కే పనివాళ్లది దేర్ ఎల్ మెదీనా అనే ఊరు. వాళ్ల కూలి డబ్బు కాదు, ధాన్యం. మూడవ రామెసెస్ కాలంలో ఆ ధాన్యం వేళకు అందలేదు. క్రీస్తుపూర్వం 1150ల ప్రాంతంలో వాళ్లు పని మానేసి, సమాధుల గోడ దాటి, గుడి వెనక కూర్చున్నారు. ఆకలితో వచ్చామని చెప్పారు. చరిత్రకు తెలిసిన తొలి సమ్మెల్లో అదొకటి. సమాధి కట్టినవాడి మనవడికి సమాధి దారి తెలుసు. లోపల ఏముందో తెలుసు. పిల్లల కడుపులు ఖాళీగా ఉన్నాయనీ తెలుసు. దొంగతనాన్ని నేను సమర్థించడం లేదు. కాని ఒక దేశం తన రాజు శవానికి బంగారు తొడుగు తొడిగి, ఆ తొడుగు తయారుచేసినవాడి గాదె ఖాళీగా ఉంచితే, ఆ సమాధికి ఏ కొర్రూ కాపలా కాయలేదు.

ఇంకా ముందుకు పోతే, దొంగలకు కొర్రు వేసిన ఆ ప్రభుత్వమే దోపిడీకి దిగింది. కొన్ని దశాబ్దాల తర్వాత సేనాని పియాంఖ్, సమాధుల గుమస్తా బుతెహామున్‌కు ఒక ఉత్తరం రాశాడు. పూర్వీకుల సమాధుల్లో ఒకటి తెరిచి, తాను వచ్చేదాకా దాని ముద్ర చెక్కుచెదరకుండా కాపాడమని దాని సారం. యుద్ధాలకు బంగారం కావాలి. పూజారులు రాజుల శవాలను తీసి, బంగారం ఊడదీసి, కొత్త బట్ట చుట్టి, చాలావాటిని ఒకే చోట గుట్టుగా దాచారు. పేదవాడు చేస్తే కొర్రు. పాలకుడు చేస్తే అది పరిపాలన.

ఆ గుట్టుగా దాచిన చోటు 1871 ప్రాంతంలో గుర్నా అనే ఊరి అబ్ద్ ఎల్ రసూల్ కుటుంబం కంటపడింది. పదేళ్లపాటు ఆ కుటుంబం ఒక్కో వస్తువూ బయటకు తెచ్చి అమ్ముకుంది. అనుమానం వచ్చిన అధికారులు 1881లో అహ్మద్ అనే తమ్ముణ్ణి పట్టుకుని అరికాళ్ల మీద కొట్టించారు. అతను నోరు విప్పలేదు. గమనించండి, మూడు వేల ఏళ్ల తర్వాత కూడా అదే కర్ర, అదే అరికాలు. ఇంట్లో వాటాల గొడవ రేగాక అన్న మహమ్మద్ తానే వచ్చి చోటు చూపించాడు. అక్కడ నలభైకి పైగా శవాలు దొరికాయి. వాటిలో రెండవ రామెసెస్ కూడా ఉన్నాడు. ప్రభుత్వం ఆ మహమ్మద్‌కు 500 పౌండ్లు బహుమానమిచ్చి, తవ్వకాల మీద మేస్త్రీగా నియమించింది. పదేళ్ల తర్వాత, 1891లో, పూజారుల శవపేటికలు నూటయాభైకి పైగా ఉన్న మరో చోటు అధికారులకు చెప్పింది కూడా అతనే. కర్ర నేర్పని కాపలా, గౌరవమున్న ఉద్యోగం నేర్పింది. ఈ ఒక్క మాట మీరు గుర్తుంచుకుంటే ఈ ప్రసంగం పని అయినట్టే.

శ్రోతలారా, ఇప్పుడు మన కృష్ణ ఒడ్డుకు వద్దాం.

అమరావతి పక్కన ఒకప్పుడు దీపాలదిన్నె అనే పెద్ద మట్టిదిబ్బ ఉండేది. ఆ దిబ్బ కింద ఉన్నది ప్రపంచానికే పేరు తెచ్చిన అమరావతి మహాస్తూపం. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తమ రాజధానిని అమరావతికి తెచ్చారు. కట్టడాలకు రాయి కావాలి. దిబ్బలో నిధి ఉంటుందన్న ఆశ కూడా ఉంది. స్తూపాన్ని తవ్వారు. చెక్కిన పలకలు మెట్లయ్యాయి, గోడలయ్యాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. 1797లో బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసి ఆశ్చర్యపోయాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి స్తూపం నడిమి భాగం చెరువుగా మారి ఉంది. 1845లో వాల్టర్ ఎలియట్ మరికొంత తవ్వి పలకలు మద్రాసుకు పంపాడు. వాటిలో చాలా భాగం తర్వాత లండన్ చేరి, 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. భట్టిప్రోలు స్తూపం గతి కూడా ఇంతే. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి ధాతుపేటికలు, వాటి మీది రాతలు బయటికి తీసే నాటికే, స్తూపం ఇటుకా రాయీ చాలా భాగం రోడ్ల పనికీ కాలువ పనికీ పోయాయి.

వెంకటాద్రి నాయుడు గారు గుడులు కట్టించిన మహాదాత. ఆ మాట నేను కాదనను. అదే ఆయన గురించి మన ఊళ్లలో మరో కథ చెప్పుకుంటారు. దారి దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిచి, వందకు పైగా మందిని నరికించారని, ఆ ఊరికి నరుకుళ్లపాడు అనే పేరు అందుకే వచ్చిందని, ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగానే ఆలయాలు కట్టించారని పెద్దలు చెబుతారు. ఎంత మంది, ఎప్పుడు అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. కాని ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. దారిలో మూటలు దోచుకున్న చెంచుకు కత్తి. రెండు వేల ఏళ్ల ధాతుగర్భాన్ని పగలగొట్టినందుకు ఎవరికీ శిక్ష లేదు. ఎవరూ దాన్ని నేరమనే అనుకోలేదు. తీబ్స్‌లో జరిగిందే కృష్ణ ఒడ్డున కూడా జరిగింది.

ఇక మన కాలం. మన ప్రాంతంలో గుప్తనిధుల పిచ్చి ఇంకా పోలేదు. నా చిన్నప్పుడు ఒక అమావాస్య మర్నాడు పక్క ఊరి పాడుబడ్డ శివాలయం దగ్గరికి అందరితో పాటు నేనూ పరిగెత్తుకుపోయాను. నాగశిల బోర్లా పడి ఉంది. గర్భగుడిలో నడుము లోతు గుంట. పక్కన నిమ్మకాయలు, కుంకం, కోడి ఈకలు. ఎవరో అంజనం వేసి చూపించారట, లంకెబిందెలు ఉన్నాయన్నారట. మా నాయనమ్మ ఆ గుంటలోకి చూసి అన్న మాట నాకు ఈ రోజుకీ వినిపిస్తుంది. "బంగారం ఉంటే కట్టినోళ్లే దాచుకోలేరా నాయనా, మనకెందుకు వదిలి పోతారు?" పోలీసులు వచ్చి ఇద్దరు కూలీలను పట్టుకుపోయారు. అంజనం వేసినవాడు ఎవరో, కూలి మాట్లాడి పంపిందెవరో మా ఊళ్లో ఎవరికీ తెలియలేదు. ఆ ఇద్దరి ఇళ్లలో కొన్ని రోజులు పొయ్యి వెలగలేదన్నది మాత్రం అందరికీ తెలుసు.

మన పల్లెల్లో రాకాసి గుళ్లు, పాండవ గుళ్లు అని పిలుచుకునే రాతి సమాధులు ఉంటాయి. ఇనుప యుగపు మనుషుల సమాధులవి. లోపల దొరికేవి సాధారణంగా ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. బంగారం కోసం వాటిని పగలగొట్టినవాడికి మిగిలేది పెంకులు. ఆ పెంకులు ఏ పొరలో, ఏ వరసలో ఉన్నాయో చూసే శాస్త్రవేత్తకు మాత్రం మన ముత్తాతలు ఏం తిన్నారో, ఏ పంట పండించారో, చనిపోయినవాళ్లను ఎంత ప్రేమగా సాగనంపారో తెలుస్తుంది. ఒకసారి పొరలు కలిసిపోతే ఆ రాత మళ్లీ చదవలేం. మనం వెతుకుతున్న నిధి అదే. గునపం దిగిన క్షణమే అది పోతుంది.

మరి చట్టం ఏం చెబుతోంది? చాలా మందికి తెలియని మాట ఒకటి చెబుతాను. 1878 నాటి భారత నిధి చట్టం ప్రకారం, పొలం దున్నుతుంటే పది రూపాయలకు మించిన విలువైన పాతకాలపు సొత్తు దొరికితే కలెక్టరుకు తెలియజెయ్యాలి. దాస్తే ఏడాది వరకు జైలు. చెబితే? ఆ సొత్తుకు పాత యజమాని ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, నాలుగింట మూడు వంతులు దొరికినవాడివి, ఒక వంతు నేల యజమానిది. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే, ఆ వస్తువు తయారైన పదార్థపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వాటిని దేశం దాటించడాన్ని నేరం చేసింది. అంటే నిజం చెప్పినవాడికి చట్టం ఏదో ఇస్తానంటోంది. ఆ సంగతి మన రైతుకు చెప్పినవాళ్లు ఎంత మంది?

పైవాళ్లకు శిక్ష పడదా అంటే, ఇప్పుడు పడుతోంది. నెమ్మదిగానైనా పడుతోంది. చందవరం శిల్పాన్ని అమ్మిన సుభాష్ కపూర్ 2011లో జర్మనీలో అరెస్టయ్యాడు. 2012లో మన దేశానికి తెచ్చారు. 2022 నవంబరులో తమిళనాడు గుడి విగ్రహాల కేసులో కుంభకోణం కోర్టు పదేళ్ల జైలు వేసింది. తీబ్స్‌లో రేవు గుమస్తా మీదికి వెళ్లని న్యాయం, ఈ రోజు కొనుగోలుదారు గుమ్మం దాకా వెళ్లింది. అది ఫొటోల వల్ల, రికార్డుల వల్ల సాధ్యమైంది. ఒక వస్తువు ఎక్కడిదో ముందే నమోదు చేసి ఉంటే, అది ఏ దేశం పోయినా దాని ఊరి పేరు దాని వెంటే వెళుతుంది.

అందుకే నా విన్నపం. మీ పొలంలో ట్రాక్టరు గొర్రుకు ఎప్పుడైనా మామూలు ఇటుక కంటే పెద్ద ఇటుక తగిలితే, బొమ్మ చెక్కిన పలక తగిలితే, గొర్రు ఆపండి. ఆ ఒక్కటి చాలు. తవ్వకండి, కడగకండి, పొలం గట్టు మీదకు మోయకండి. ఉన్నచోటే ఫోనుతో ఫొటో తీసి తహసీల్దారుకో, పురావస్తు శాఖకో చెప్పండి. మీ ఊళ్లో పాడుబడ్డ గుడి ఉంటే, దానిలోని ప్రతి రాయికీ ఒక ఫొటో తీసి ఉంచండి. ఆ ఊరి బడి పిల్లలే ఆ పని చెయ్యగలరు. పాలకులను కోరేది ఒకటే. కాపలాదారుగా ఆ ఊరివాణ్ణే పెట్టండి, అతని జీతం నెలనెలా ఇవ్వండి. ధాన్యం ఆగిన దేర్ ఎల్ మెదీనా ఏమైందో మనం చూశాం.

ఈసారి దొనకొండ వైపు వెళితే చందవరం గుట్ట ఎక్కండి. పిల్లలను కూడా తీసుకువెళ్లండి. ఆ పిల్లల్లో ఒక్కరు, ఏదో రాత్రి ఆ గుట్ట మీద గునపం చప్పుడు విని, భయపడకుండా ఇంట్లోవాళ్లను లేపితే, మూడు వేల ఏళ్లుగా ఏ కొర్రూ ఏ కత్తీ చెయ్యలేని పని ఆ పిల్లవాడు చేసినట్టు.